ఒకే చీపురు, ఇద్దరు యజమానులు: విశాఖ స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా

విశాఖపట్నం రైల్వే స్టేషన్లో దిగి ద్వారకా బస్ స్టేషన్‌కు, అంటే జనం నోట ఆర్టీసీ కాంప్లెక్స్‌కు, పోవడానికి ఆటోలో ఎంతోసేపు పట్టదు. నెత్తిన మూట లేకపోతే నడిచే పోవచ్చు. పలాస, రాయగడ, గుణుపూర్ వైపు నుంచి పాసింజరు బండ్లలో దిగే తాపీ కూలీలు, ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లు, కేజీహెచ్‌లో చూపించుకోవడానికి వచ్చే ముసలివాళ్లు చాలామంది ఈ దారినే పోతారు. బండి దిగినచోటా, బస్సు ఎక్కేచోటా వాళ్లకు ఒకేలాంటి మనిషి కనబడుతుంది. చేతిలో చీపురు, పక్కన చెత్తబండి, చీర మీద తొడుక్కున్న ఏజెన్సీ కోటు. కోటు రంగు మారుతుంది, మనిషి మారినట్టు అనిపించదు.

ఆ మనిషిది ఏ కులమని మన ఊళ్లలో ఎవరూ అడగరు. అడగకుండానే తెలుసుననుకుంటారు. మేము ఇక్కడ అడుగుతున్న ప్రశ్న వేరు. ఆ మనిషికి యజమాని ఎవరు? జీతం ఆగితే ఎవరి తలుపు కొట్టాలి? టెండరు మారి కొత్త కాంట్రాక్టరు వచ్చి 'నువ్వు రేపటి నుంచి రావద్దు' అంటే ఎవరిని నిలదీయాలి? స్టేషన్లో ఈ ప్రశ్నకు ఒక జవాబు ఉంది, కాంప్లెక్స్‌లో మరొకటి ఉంది. మధ్యలో ఉన్నది రెండు కిలోమీటర్లు మించని రోడ్డే అయినా, అది రెండు ప్రభుత్వాల మధ్య సరిహద్దు. పారిశుధ్య కార్మికుల హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు కూడా ఈ సరిహద్దును తరచూ మరచిపోతారు. అందుకే దీన్ని కాస్త విప్పి చెప్పాలనుకున్నాం.

బండి తిరగబడే స్టేషన్

హౌరా–చెన్నై మార్గంలో విశాఖది ఒక చిత్రమైన స్థానం. హౌరా వైపు నుంచి వచ్చిన బండి ఇక్కడి నుంచి నేరుగా ముందుకు పోలేదు. ఇంజను విప్పి రెండో కొసకు తగిలించాలి. వచ్చిన దిక్కుకే కొంత దూరం పోయి, అక్కడి నుంచి దువ్వాడ వైపు మళ్లాలి. ఈ తిప్పట ఎందుకని కొన్ని దూరప్రయాణపు బండ్లను విశాఖలోకి రానివ్వకుండా దువ్వాడ మీదుగానే పంపేస్తారు. లోపలికి వచ్చినవి మాత్రం ఇరవై నిమిషాల వరకూ ఆగుతాయి.

ప్రయాణికులకు ఆ ఇరవై నిమిషాలంటే టీ, ఇడ్లీ, నీళ్ల సీసా. పట్టాల పక్కన నిలబడి చూస్తే లెక్క వేరు. పాత పెట్టెల్లో మరుగుదొడ్డి అంటే కిందికి ఒక గొట్టం, అంతే. పైన నీళ్లు పోస్తే మొత్తం పట్టాల మీదే పడేది. 'బండి స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు వాడరాదు' అని తలుపు మీద రాసి ఉండేది. రాత్రంతా ఒడిశా దాటి వచ్చిన బండి పొద్దున్నే ఇరవై నిమిషాలు ఆగితే ఆ మాట ఎవరు వింటారు? బండి కదిలాక మిగిలినదాన్ని కడగడానికి ప్లాట్‌ఫారం పక్కన పట్టాల కింద సిమెంటు గచ్చు వేశారు. దాన్ని ఏప్రన్ అంటారు. నీళ్ల పైపు, చీపురు, పక్కనే కాలువ. మిగిలిన పని ఒక మనిషి చేయాలి.

రైలు పెట్టెలో మరుగుదొడ్డి రావడం గురించి ఒక కథ చెబుతారు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు అహ్మద్‌పూర్ స్టేషన్లో కాలకృత్యాలకు దిగి, బండి కదిలిపోతే పరుగెత్తి, పడి, అవమానపడి రైల్వేకు ఉత్తరం రాశాడట. ఆ ఉత్తరాన్ని ఢిల్లీ రైలు మ్యూజియంలో పెట్టారు. కింది తరగతి ప్రయాణికుడి గౌరవం కోసం మరుగుదొడ్డి వచ్చింది, మంచిదే. కానీ ఆ గౌరవపు బరువు పెట్టె అడుగున ఎవరి మీద పడిందో రాసిన ఉత్తరం ఏ మ్యూజియంలోనూ లేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. మానవ మలాన్ని చేతులతో ఎత్తించే పనిని నిషేధిస్తూ మొదట 1993లో ఒక చట్టం వచ్చింది. అది ముఖ్యంగా పొడి మరుగుదొడ్ల గురించి. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈ సంస్థ వెనుక ఉన్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆయనకు అండగా నిలిచారు. ఆ పోరాటపు ఒత్తిడిలోనే 2013 చట్టం వచ్చింది, ఆ ఏడాది డిసెంబరు 6న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ అంబేడ్కర్ వర్ధంతి అని మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. మలం పూర్తిగా కుళ్లి మట్టిగా మారకముందు దాన్ని చేత్తో శుభ్రం చేసే వ్యక్తిని నిర్వచించేటప్పుడు ఈ చట్టం ఇళ్ల మరుగుదొడ్లతో, మురుగు కాలువలతో ఆగలేదు. 'రైలు పట్టాల మీద' అనే మాటను పేరు పెట్టి రాసింది.

అంతలోనే వివరణలో ఒక కిటికీ తెరిచింది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పరికరాలతో, రక్షణ సామగ్రితో శుభ్రం చేస్తే ఆ వ్యక్తి ఈ నిర్వచనంలోకి రాడు. రైలు పెట్టెలోని ఫ్లష్ మరుగుదొడ్డిని అలాంటి పరికరాలతో కడిగితే దాన్ని అపరిశుభ్ర మరుగుదొడ్డిగా లెక్కించరు. తెలుగులో చెప్పాలంటే, చేతికి గ్లవుజు తొడిగితే పని పేరు మారిపోతుంది. పని మారదు, పని చేసేవాళ్లూ మారరు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, పట్టాల మీద ఈ పనిని కాలపరిమితి పెట్టుకుని అంతం చేయాలని రైల్వేకు చెప్పింది.

బయో టాయిలెట్లు వచ్చాక

ఆ తర్వాత నిజంగానే ఒక మార్పు వచ్చింది. దాన్ని తక్కువ చేసి చెప్పడం మాకు ఇష్టం లేదు. డీఆర్‌డీవోతో కలిసి రైల్వే తయారు చేసిన బయో టాయిలెట్ పెట్టె అడుగున ఒక తొట్టిలా ఉంటుంది. అందులో గాలి అక్కర్లేని బాక్టీరియా మలాన్ని నీరుగా, వాయువుగా విడగొడుతుంది. ఆ నీరు క్లోరిన్ తగిలి కిందికి పోతుంది. 2011లో మొదలైన ఈ పద్ధతి 2020 నాటికి దాదాపు అన్ని ప్రయాణికుల పెట్టెలకూ వచ్చింది. ఇవాళ విశాఖ ప్లాట్‌ఫారం అంచున నిలబడితే పదేళ్ల కిందటి వాసన లేదు. పట్టాల మీద చీపురుతో తోసే పని చాలావరకు తగ్గింది.

తగ్గిన పని ఎక్కడికి పోయిందన్నది అసలు ప్రశ్న. బయో టాయిలెట్ తొట్టిలోకి సీసా, గుట్కా పొట్లం, పసిపిల్ల డైపరు, గుడ్డముక్క పడితే అది మూసుకుపోతుంది. బాక్టీరియా ప్లాస్టిక్‌ను తినదు. కాగ్ 2017లో ఇచ్చిన నివేదికలో 25 వేల బయో టాయిలెట్లను లెక్కిస్తే ఒక్క ఏడాదిలో దాదాపు 2 లక్షల లోపాలు తేలాయి. వాటిలో సగానికి పైగా ఇలా మూసుకుపోయినవే. మూసుకుపోయినదాన్ని ఎవరో ఒకరు తెరవాలి. ఆ పని ప్లాట్‌ఫారం మీద ప్రయాణికుల కళ్ల ముందు జరగదు. డిపోలో, పిట్ లైన్ల దగ్గర, పెట్టె అడుగున జరుగుతుంది. పట్టాల మీద మలం అందరికీ కనిపించేది, పత్రికల్లో ఫొటో వచ్చేది. పిట్ లైన్ దగ్గరికి ఫొటోగ్రాఫరు పోడు. మేము చెప్పదలచుకున్నది ఇంతే: యంత్రం వచ్చి పనిని కొంత మార్చింది, కొంత దాచింది. ఎంత మార్చింది, ఎంత దాచింది అన్నది డిపో లోపల చూస్తే తప్ప తేలదు.

ఇంకో సంగతి. ఎక్స్‌ప్రెస్ బండ్లలో కొన్నింటికి దారి పొడవునా శుభ్రం చేసే సిబ్బంది ఉంటారు, ఫోనులో ఫిర్యాదు పెడితే వస్తారు. పాసింజరు బండికి ఆ భాగ్యం లేదు. కోవిడ్ తర్వాత పాసింజరు బండ్లను 'స్పెషల్' అని పేరు మార్చి కనీస టిక్కెట్టు 10 రూపాయల నుంచి 30 రూపాయలు చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి తెచ్చారు. మూడింతలు వసూలు చేసిన ఆ కాలంలో కూడా పలాస బండిలో మరుగుదొడ్డి బాగుపడలేదన్నది అందులో తిరిగేవాళ్లందరికీ తెలుసు. ఆ బండిలో వచ్చే కూలీలు, ఆ బండిని కడిగేవాళ్లు ఎక్కువగా ఒకే వాడల మనుషులు. ఒకరి గౌరవం ఇంకొకరి నడుం మీద ఆధారపడేలా ఎవరో ఏర్పాటు చేసి, వాళ్లు మాత్రం ఏసీ పెట్టెలో కూర్చున్నారు.

కులం పేరులోనే పని

2021 డిసెంబరులో కేంద్రం రాజ్యసభకు ఇచ్చిన లెక్క ఇది. 2013, 2018 సర్వేల్లో దేశమంతటా గుర్తించిన మాన్యువల్ స్కావెంజర్లు 58,098 మంది. వాళ్లలో కులం వివరాలు దొరికినవాళ్లు 43,797 మంది. ఆ 43,797లో ఎస్సీలు 42,594 మంది. నూటికి 97 మంది. ఇందులో మాన్యువల్ స్కావెంజర్లుగా గుర్తించని స్వీపర్లు లేరు. గ్లవుజు తొడిగి కిటికీలోంచి బయటపడినవాళ్లూ లేరు.

ఉత్తరాంధ్రలో ఈ పని అనగానే ముందుగా చెప్పే పేరు రెల్లి. ఒడియాకు దగ్గరైన సొంత భాష ఉన్న కులం. పండ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు ఎంతమందో, మునిసిపాలిటీ చీపురు పట్టినవాళ్లు అంతమంది. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా పట్టణాల్లో రెల్లి వీధులున్నాయి, విశాఖలోనూ ఉన్నాయి. రాష్ట్ర ఎస్సీ జాబితా తెరిచి చూస్తే అందులో 'పాకీ, మోటి, తోటి' అని ఒక కులం పేరే ఉంది. పని పేరు కులం పేరైంది, కులం పేరు సర్టిఫికెట్ మీదికి ఎక్కింది. ఇక ఆ సర్టిఫికెట్ పట్టుకుని వేరే ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయే పిల్లవాడి ముందు ఎదుటి కుర్చీలో ఉన్నవాళ్లు ఏం చదువుతారో ఊహించుకోవచ్చు.

స్టేషన్‌కు పడమటి గుమ్మం జ్ఞానాపురం వైపు తెరుచుకుంటుంది. చర్చిలు, శ్మశానం, ఉల్లిపాయల టోకు బజారు ఉన్న పాత పేట అది. క్రైస్తవులు ఎక్కువ. చీపురు పట్టిన దళిత క్రైస్తవుల సంగతి మరీ చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప మిగతావారు ఎస్సీలు కారు. మతం మారిన దళితుడు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి. కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అతని చేతికి అందదు. 2013 చట్టం మాత్రం కులం అడగదు, పనినే అడుగుతుంది. ఈ ఒక్క తేడా తెలిసి ఉండటం జ్ఞానాపురం లాంటి పేటల్లో చాలా అవసరం.

2017 మేలో అప్పటి రైల్వే మంత్రి సురేశ్ ప్రభు దేశంలోని స్టేషన్లకు శుభ్రతా ర్యాంకులు ప్రకటించారు. ఏ1 తరగతిలోని 75 స్టేషన్లలో విశాఖది మొదటి స్థానం. ఊరంతా గర్వపడింది. మేమూ పడ్డాం, కాదనం. ఆ ర్యాంకు ఎవరి చేతులతో వచ్చిందో వాళ్లలో ఎంతమంది రైల్వే ఉద్యోగులు, ఎంతమంది కాంట్రాక్టరు మనుషులు అన్నది ఏ ప్రకటనలోనూ లేదు.

1976, 2001, 2020

ఇప్పుడు యజమాని ప్రశ్నకు వద్దాం. ఒకప్పుడు రైల్వేలో సఫాయివాలా అంటే పోస్టు. గ్రూప్ డి, ఇప్పటి లెక్కలో లెవల్ 1, మూల వేతనం 18,000. పని కులానిదే, అందులో సందేహం లేదు. కానీ ఆ పోస్టుతో పాటు క్వార్టరు వచ్చింది, రైల్వే ఆసుపత్రి వచ్చింది, పాసు వచ్చింది, పెన్షను వచ్చింది, పిల్లలకు బడి వచ్చింది. తండ్రి సఫాయివాలా, కొడుకు గుమాస్తా లేదా టిక్కెట్ కలెక్టరు, మనవరాలు ఇంజనీరు అన్న కుటుంబాలు రైల్వే కాలనీల్లో ఉన్నాయి. కులం ఏ సంకెల వేసిందో, ఆ సంకెలను తెంచుకునే ఆకురాయి కూడా అదే ఉద్యోగంలో దొరికింది. సంకెలను అలాగే ఉంచి ఆకురాయిని మాత్రం తీసేసుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది. ఎలాగో చెబుతాం.

కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. దాని కింద 1976 డిసెంబరు 9న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, కడగడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం అనే పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టరాదని. ఇది చిన్న మాట కాదు. ఊడ్చే పని రోజూ ఉండే పని, ఏడాది పొడవునా ఉండే పని, కాబట్టి దానికి శాశ్వత మనిషి ఉండాలి అన్న సూత్రం అందులో ఉంది. 1996 చివర్లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కాంట్రాక్టు రద్దయితే ఆ కార్మికుడు అసలు యజమాని ఉద్యోగి అయిపోతాడని చెప్పింది.

అయిదేళ్లు కూడా నిలవలేదు. 2001 ఆగస్టు 30న ఉక్కు సంస్థ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం రెండూ తీసేసింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన ఉద్యోగం రాదంది. ఒక్కో సంస్థను విడిగా పరిశీలించకుండా మొత్తం అన్నింటికీ కలిపి ఇచ్చారు కాబట్టి 1976 నోటిఫికేషన్ చెల్లదంది. మన ఉద్యమాల చరిత్రలో 2004 నాటి చిన్నయ్య తీర్పు గురించి ఎంత చర్చ జరిగిందో, ఈ 2001 తీర్పు గురించి అందులో పదో వంతు కూడా జరగలేదు. వర్గీకరణ తీర్పు రిజర్వేషన్ పంపకాన్ని తాకింది. ఈ తీర్పు పంచుకోవడానికి మిగిలే పోస్టులనే తాకింది.

మూడో మెట్టు 2020. ఆ ఏడాది పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన వృత్తిపర భద్రతా కోడ్ పాత కాంట్రాక్టు చట్టం స్థానంలో వచ్చింది. అందులో సంస్థ ముఖ్య పనులకు కాంట్రాక్టు పెట్టరాదని ఉంది. వినడానికి బాగుంది. ఏవి ముఖ్య పనులు కావో చెప్పే జాబితా చూడండి. ఆ జాబితాలో మొట్టమొదటిది పారిశుధ్యం: ఊడ్చడం, కడగడం, దుమ్ము దులపడం, అన్ని రకాల చెత్త సేకరించి పారబోయడం. 1976లో ఏ మాటలతో కాంట్రాక్టును నిషేధించారో, దాదాపు అవే మాటలతో ఇప్పుడు తలుపు బార్లా తెరిచారు.

ఈలోగా పోస్టులు కరిగిపోయాయి. 2015-16 నుంచి 2020-21 వరకు ఆరేళ్లలో రైల్వే 72 వేలకు పైగా గ్రూప్ సి, డి పోస్టులు రద్దు చేసిందని 2022లో పత్రికల్లో వచ్చింది. సాంకేతికత వచ్చింది, ఈ పోస్టుల అవసరం తీరిపోయింది అని కారణం చెప్పారు. స్టేషన్‌ను ఊడ్చే అవసరం మాత్రం తీరలేదు.

రోడ్డు దాటితే మారే ప్రభుత్వం

ఇక కాంప్లెక్స్. ఆర్టీసీ 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనమైంది. 50 వేలకు పైగా కార్మికులు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. దశాబ్దాల కోరిక తీరింది. అయితే విలీనమైంది సంస్థ ఉద్యోగులు. టెండరు మీద ఇచ్చిన పని టెండరు మీదే ఉండిపోయింది. డ్రైవరు, కండక్టరు, మెకానిక్ ప్రభుత్వం లోపల ఉన్నారు. బస్సులు నిలబడే బేలను ఊడ్చే మనిషి బయట ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. పారిశుధ్య కార్మికురాలికి కూడా ఇది మేలే. పొద్దున పనికి వచ్చే బస్సు ఖర్చు మిగులుతుంది. అదే సమయంలో కాంప్లెక్స్‌లో జనం పెరిగారు, జనంతో పాటు చెత్త పెరిగింది, మరుగుదొడ్ల వాడకం పెరిగింది. టెండరులో ఎంతమంది మనుషులని రాసుకున్నారో ఆ అంకె పెరిగిందా? ఎవరైనా సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టి అడగదగిన ప్రశ్న.

ఇక్కడే రెండు ప్రభుత్వాల తేడా పనిచేస్తుంది. రైల్వేకు కార్మిక చట్టాల్లో 'తగిన ప్రభుత్వం' కేంద్రం. కాబట్టి స్టేషన్లో కాంట్రాక్టరు కింద ఊడ్చే మనిషికి కేంద్రం నిర్ణయించిన కనీస వేతనం వర్తిస్తుంది. తనిఖీ చేయాల్సింది కేంద్ర కార్మిక శాఖ. విశాఖలోనే దాని ప్రాంతీయ కమిషనరు కార్యాలయం ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఊడ్చే మనిషికి రాష్ట్రం నిర్ణయించిన కనీస వేతనం, రాష్ట్ర కార్మిక శాఖ అధికారి. ఒకే చీపురు, ఒకే ఎండ, ఒకే ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లు. ఒకరికి ఒక రేటు, ఇంకొకరికి ఇంకో రేటు. స్టేషన్ కార్మికురాలు తన గోడు తీసుకుని కలెక్టరేట్‌కు పోతే, అది మా పరిధి కాదని తిప్పి పంపడానికి వాళ్లకు ఒక సాకు దొరుకుతుంది. కాంప్లెక్స్ కార్మికురాలు కేంద్ర కార్యాలయానికి పోయినా అంతే. తప్పు తలుపు కొట్టడంలోనే నెలలు గడిచిపోతాయి. అప్పటికి టెండరే మారిపోవచ్చు.

కొత్త కోడ్ ఇంకో పని చేసింది. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులు ఉంటే వర్తించేది. ఇప్పుడు 50 మంది ఉండాలి. విశాఖ స్టేషన్ లాంటి పెద్ద చోట ఇది సమస్య కాకపోవచ్చు. చిన్న బస్ స్టేషన్లలో పది, పదిహేను మందితో నడిచే కాంట్రాక్టులు లైసెన్సు గొడవ నుంచే తప్పించుకుంటాయి. అయితే వేతనాల కోడ్‌లో పనికొచ్చే మాట ఒకటి ఉంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆ బాకీ తీర్చాల్సింది సంస్థ యజమానే. బాకీ వేతనానికి దరఖాస్తు పెట్టుకునే గడువును కూడా మూడేళ్లు చేశారు. పాత కనీస వేతన చట్టంలో అది ఆరు నెలలే. ఈ కోడ్‌ల మీద మాకున్న కోపం అలాగే ఉంది. చేతికి దొరికిన కర్రను మాత్రం వదులుకోవడం దేనికి?

వందలో ఒకటి, దేనిలో?

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు దారి ఇచ్చాక, ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తెచ్చింది. రెల్లి, దాని ఉపకులాలకు 1 శాతం, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5. ఈ అంకెల మీద మనలో మనకు చాలా వాదనలున్నాయి. వాటిలోకి ఇప్పుడు పోము. అడగాల్సిన చిన్న ప్రశ్న ఒకటుంది: వందలో ఒకటి సరే, దేనిలో వందలో?

ఈ వర్గీకరణ రాష్ట్ర ఉద్యోగాలకు, రాష్ట్ర విద్యాసంస్థలకు. రైల్వే కేంద్రానిది. అక్కడ ఎస్సీలందరికీ కలిపి 15 శాతం, లోపల విభజన లేదు. అంటే స్టేషన్లో తరతరాలుగా ఊడ్చిన రెల్లి కుటుంబపు పిల్లకు ఆ 1 శాతం స్టేషన్ గుమ్మం దాకా కూడా రాదు. కాంప్లెక్స్‌లో వస్తుంది, అక్కడ పోస్టు ఉంటే. ఊడ్చే పని టెండరు అయ్యాక పోస్టు లేదు. పోస్టు లేనిచోట రోస్టరు లేదు. కండక్టరు పోస్టు, గుమాస్తా పోస్టు పడినప్పుడు ఆ ఒకటి దక్కాలి. దానికి పిల్ల చదవాలి. చదవడానికి తల్లికి నికరమైన జీతం ఉండాలి. చక్రం మళ్లీ టెండరు దగ్గరికే వచ్చింది. విశాఖ కేంద్రంగా 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. కొత్త జోన్ అంటే కొత్త ఉద్యోగాలని ఊరంతా అనుకుంటోంది. ఆ భవనాన్ని ఊడ్చడానికి మాత్రం పోస్టు పడదు, టెండరు పడుతుంది. దానికి ఏ కులం మనుషులు వస్తారో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. రిజర్వేషన్ లేని ఒకే ఒక్క చోట నూటికి నూరు మన కులాలే ఎలా నిండుతున్నాయన్న ప్రశ్న ప్రతిభ గురించి మాట్లాడేవాళ్లను అడగాలి.

దాచుకోవాల్సిన కాగితాలు

కాంట్రాక్టరు మారినప్పుడు కార్మికురాలు పోగొట్టుకునేది ఉద్యోగం ఒక్కటే కాదు, తన గతాన్ని కూడా. పదేళ్లు అదే ప్లాట్‌ఫారం ఊడ్చినా కాగితం మీద ఆమె అయిదు కంపెనీల్లో రెండేసి ఏళ్లు పనిచేసిన అయిదుగురు మనుషులు అవుతుంది. దీనికి ఒక విరుగుడు పీఎఫ్ నంబరు. యూఏఎన్ అనే ఆ 12 అంకెల నంబరు ఒక మనిషికి జీవితాంతం ఒకటే ఉండాలి. కొత్త కాంట్రాక్టరు కొత్త నంబరు తీస్తానంటే ఒప్పుకోకూడదు, పాతది ఇవ్వాలి. పీఎఫ్ పెన్షనుకు పదేళ్ల సర్వీసు కావాలి. నంబరు తెగితే ఆ పదేళ్లను కలపడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాంట్రాక్టరు పీఎఫ్ కట్టకపోతే ఆ బాధ్యత రైల్వేదో, ఆర్టీసీదో, అంటే అసలు యజమానిది. ఈఎస్ఐ కోసం జీతంలో కార్మికుడి వాటా 0.75 శాతం మాత్రమే, యజమానిది 3.25. జీతంలో అంతకు మించి కోసినా, కోసి కార్డు ఇవ్వకపోయినా అడగాలి. బ్యాంకు పాసుబుక్కు ఎంట్రీలు, గేటు పాసు, ఏజెన్సీ ఇచ్చిన గుర్తింపు కార్డు, డ్యూటీ చార్టు ఫొటో: ఏదీ పారేయకూడదు. ఏ రోజు ఎక్కడ పనిచేశారో చెప్పే సాక్ష్యం అదే. బయో టాయిలెట్ తొట్టి దగ్గర గ్లవుజులు లేకుండా పని చేయించినప్పుడు తేదీ, చోటు, చెప్పిన సూపర్‌వైజరు పేరు రాసి పెట్టుకుంటే 2013 చట్టం కింద ఫిర్యాదుకు ఆధారం ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ కార్మికులైతే 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం వాళ్లతో ఆ పని చేయించడం అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరం.

వీటన్నిటికీ ముందు తెలియాల్సింది అసలు యజమాని ఎవరు, కాంట్రాక్టరు ఎవరు, ఏ రేటు, ఏ అధికారి అన్నవి. 1971 నాటి కేంద్ర నియమాల్లోనే దీనికి ఒక దారి ఉండేది. వేతన రేట్లు, పని గంటలు, జీతం ఇచ్చే తేదీ, తనిఖీ అధికారి పేరు, చిరునామా రాసిన నోటీసును పనిచేసే చోట ఇంగ్లీషులో, హిందీలో, ఎక్కువ మంది కార్మికులకు అర్థమయ్యే స్థానిక భాషలో పెట్టాలి. ఈసారి బండి దిగినప్పుడో, కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడినప్పుడో ఒక అయిదు నిమిషాలు ఉంటే ఆ నోటీసు కోసం చూడండి. కనబడకపోతే స్టేషన్ మేనేజరునో, డిపో మేనేజరునో అడగండి. చీపురు పట్టిన మనిషి అడిగితే రేపు పని ఉండకపోవచ్చు. టిక్కెట్టు పట్టుకున్న మీరు అడిగితే ఎవరూ ఏమీ అనరు.